ఎడమ పక్క స్పీకరు

మొన్న సూర్యాపేటలో, హైవే పక్కనున్న కార్ల సామాన్ల దుకాణంలో పొద్దున వెళ్లి కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళకు గానీ లేవలేదు. మా ఆయన రిటైరయ్యాక కొన్న కారులో పాట రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు వస్తోందని ఆయన బాధ. నాకైతే ఏ తేడా తెలియదు. పాట వస్తోంది, మాట అర్థమవుతోంది, ఇంకేం కావాలి అంటాను. ఆయన వినరు. దుకాణంలో గోడ నిండా బిగించిన స్పీకర్లను ఒక్కొక్కటీ మోగించి చూపించారు. ప్రతిదానికీ ఆయన తల ఊపి, ఆ వెంటనే ఏదో ఒక వంక చెప్పారు. ఒకటి మరీ గరగర, ఒకటి మరీ మెత్తన, ఒకదానిలో తబలా వస్తే గొంతు రాదు. నాకు తలనొప్పి మొదలైంది. ఆఖరికి స్పీకర్లు బిగించే ఫిట్టర్ అబ్బాయి కారు తలుపుల అట్టలు ఊడదీసి, చేతిలో ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"మేడం, మీరు ఎక్కువ ఏ సీట్ల కూసుంటరు?"

ఎవరు ఎక్కడ కూర్చుంటారో చెబితే శబ్దాన్ని ఆ మనిషి చెవికి అందేటట్టు కుదురుస్తాడట. ముందు సీటయితే ఒక లెక్క, వెనక సీటయితే ఒక లెక్కట. నేను ఎక్కడ కూర్చుంటే నీకేం నాయనా అని విసుక్కున్నాను. అతను నొచ్చుకుని వెళ్లిపోయాడు. మా ఆయన నన్ను వింతగా చూశారు. ఆ విసుగు ఆ అబ్బాయి మీద కాదని నేను ఆయనకు చెప్పలేదు. ఆ ప్రశ్న మా ఇంటికి చాలా ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. మా అమ్మను ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అడగకుండా, మేము ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల చుట్టూ స్పీకర్లు పట్టుకుని తిరిగాం.

నాయినకు సూర్యాపేట మార్కెట్లో అడ్తి ఉండేది. రైతులు తెచ్చిన వడ్లు, పెసలు, కందులు మిల్లుల వాళ్లకు అమ్మించే దుకాణం. మా ఇల్లు మార్కెట్ వెనక సందులో. గాలి ఎటు వీస్తే అటు వాసన. కొత్త వడ్లు వచ్చే రోజుల్లో ముక్కు దురద పెట్టే దుమ్ము వాసన, మిరపకాయలు దిగిన రోజు ఇంటిల్లిపాదికీ తుమ్ములు. నాయిన పొద్దున్నే లేచి, స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, అమ్మ ఇచ్చిన చాయ్ నిలబడే తాగేవాడు. కూర్చుని తాగితే ఆ రోజు బేరం కూర్చుంటుందని ఆయన నమ్మకం. ఆయన నమ్మకాలకు లెక్కే లేదు. ఏదైనా ఒకసారి నమ్మాడంటే దేవుడు దిగివచ్చినా మార్చలేడు. అమ్మ చెవుల సంగతి కూడా ఆయన నమ్మకాల్లో ఒకటి.

అమ్మవి పాము చెవులని నాయిన ఊరంతా చెప్పుకునేవాడు. అందులో అబద్ధం లేదు. వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉండగానే, సందు చివర సైకిల్ చైన్ చప్పుడును బట్టి పాలాయన వచ్చిండని చెప్పేది. నాయిన చెప్పులు విడిచే తీరును బట్టి ఆ రోజు మార్కెట్ ఎట్లా ఉందో ఆమెకు తెలిసిపోయేది. అందుకు తగ్గట్టే అన్నం ముందు మాట్లాడేదో, అన్నం అయినాక మాట్లాడేదో. కుండలు కొనడానికి వెళ్తే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమెను వెంట తీసుకెళ్లేవాళ్లు. వేలితో ఒక్కసారి తట్టి, ఇందులో సన్న పగులుంది, వద్దు అనేది. పెళ్లిళ్లలో మంగళహారతి ఎత్తుకునేది ఆమే. ఆమె గొంతు అందుకున్న తరువాతే మిగతావాళ్లు కలిపేవాళ్లు. ఆమె ఎత్తుకోకపోతే పాట తలా ఒక దిక్కుకు పోయేది.

కారు మిర్యాలగూడ మామ వల్ల వచ్చింది. అమ్మకు తమ్ముడు, అక్కడ రైస్ మిల్లు నడిపేవాడు. ఆయనకు తెలిసిన మరో మిల్లు యజమాని కొత్త కారు కొనుక్కుంటూ పాత తెల్ల అంబాసిడర్‌ను వదిలించుకోవాలని చూస్తే, మామ నాయినకు కబురు పెట్టాడు. ఆ కారు డిక్కీలో ఏళ్ల తరబడి బియ్యం, తవుడు నమూనా సంచులు మోశారు. ఎన్నిసార్లు కడిగినా తవుడు వాసన పోలేదు. ఎండకు కాలిన రెక్సిన్ వాసన, పెట్రోలు వాసన, వాటి కింద కమ్మగా, కొంచెం మగ్గినట్టుగా తవుడు. నాయినకు ఆ కారంటే ప్రాణం. అడ్తికి పోయే ముందు తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, ఆ రెండు గుడ్డలనూ ఉతికి ఆరేసి మరీ వెళ్లేవాడు.

కారులో పాటలు ఉండాలన్నది నాయిన కోరికే. అమ్మ కోసమే అని పైకి అనేవాడు. అమ్మ ఏమీ అడగలేదు. మా అన్న అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. స్పీకర్ల విషయంలో నాయినకూ అన్నకూ మొదటి రోజు నుంచే పడలేదు. పాటంటే మాట వినబడాలని నాయిన, పాటంటే గుండెల్లో తగలాలని అన్న. నాయిన చిన్న గుండ్రటి స్పీకర్లు చాలంటాడు, అన్న కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్దవి కావాలంటాడు. తలుపులకు పెడదామని అన్న, తలుపుకు రంధ్రం కొట్టడమంటే ఒంటికి గాటు పెట్టినట్టేనని నాయిన. అన్నం తింటున్నా ఇదే గొడవ. అమ్మ వడ్డిస్తూ వినేది. చివరికి బ్యాటరీ దుకాణం యాకూబ్ భాయి, వెనక అద్దం కిందున్న పలక మీద పెద్ద స్పీకర్లు బిగించి, ముందర టేపు పెట్టి పంపించాడు. తలుపులు దక్కినందుకు నాయిన సంతోషించాడు, సైజు దక్కినందుకు అన్న సంతోషించాడు.

కారులో ఎవరి చోటు వాళ్లది. నాయిన నడుపుతాడు. ముందు సీట్లో ఆయన పక్కన అన్న, క్యాసెట్లు మార్చే పని వాడిది. మామ గానీ, అడ్తికి వచ్చే పెద్దమనుషులు గానీ ఉంటే ఆ చోటు వాళ్లది, అన్న వెనక్కి వస్తాడు. వెనక ఎడమ కిటికీ దగ్గర అమ్మ, కుడి పక్కన నేను. ఇది ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. ముందు సీటు మగవాళ్లది, అంతే. స్పీకరు ఎక్కడ పెట్టాలో నెలల తరబడి కొట్లాడుకున్నవాళ్లు, మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న ఆలోచన మాత్రం ఒక్కసారీ చేయలేదు.

మొదటి ప్రయాణం మునగాల దాకా. హైవే మీద నాయిన ఎప్పుడూ ఆగే దాబా ఉంది అక్కడ. అమ్మ బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుంది, మల్లెపూలు పెట్టుకుంది. పాటలు వినడానికి ఇంత ముస్తాబు దేనికని నేను గేటు దగ్గర నిలబడి సణిగాను. ఊరు దాటగానే నాయిన టేపు పెట్టించాడు. వెనక నుంచి పాట మీద పడేసరికి నాకు ఒళ్లు జలదరించింది. నాయిన అద్దంలోంచి అమ్మను చూస్తూ ఎట్లుందని అడిగాడు. అమ్మ కాసేపు వింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"బాగనే ఉంది గని, ఈ పక్క వస్తలేదండీ," అంది, ఎడమ పక్క చూపిస్తూ.

ఆ మాటతో మొదలైంది. దాబా ముందు కారు ఆపి నాయినా అన్నా వెనకకు వచ్చి పలక మీదకు వంగి చెవులు పెట్టి విన్నారు. నన్నూ వినమన్నారు. రెండు పక్కలా వస్తోందని నేను చెప్పాను. అమ్మను కుడి పక్కకు జరిపి నన్ను ఎడమ పక్క కూర్చోబెట్టారు. నాకు చెవి పక్కనే పాట మోగుతోంది. అమ్మ మాత్రం ఇటు కూర్చున్నా ఆ పక్క నుంచి రావడం లేదనే అంది. బాగా వస్తోంది నాయినా అని నేను మళ్లీ చెప్పాను. నాయిన నా మాట కొట్టిపారేశాడు.

"దానివి పాము చెవులు. అది రాలేదన్నదంటే రానట్టే."

యాకూబ్ భాయి ఎడమ స్పీకరు మార్చాడు. వారం తిరక్కముందే అమ్మ మళ్లీ అదే మాట. కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చాడు. అదే మాట. టేపులో శబ్దాన్ని ఒక పక్కకు తిప్పే మీట ఉంటుంది. నాయిన దాన్ని పూర్తిగా ఎడమకు తిప్పేశాడు. అప్పుడు కుడి పక్క నాకు పాట సగమే వినిపించేది. అమ్మ ఇప్పుడు ఇంకా తగ్గిందని అనేది. యాకూబ్ భాయి మంచి మనిషి, నోరెత్తలేదు గానీ, మా కారు సందు మలుపు తిరగడం చూడగానే దుకాణం ముందు నుంచి లోపలికి వెళ్లిపోవడం నేను చూశాను. నాకు సిగ్గేసేది. ప్రతి ఆదివారం ఇదే తతంగం. కాలేజీ పుస్తకాలు పక్కన పెట్టి, ఆ తవుడు వాసన కారులో, అరిగిపోయిన అవే క్యాసెట్లు వింటూ, ఏ పక్క వస్తోంది ఏ పక్క రావడం లేదు అనే సాక్ష్యాలు చెప్పాలి. చెబితే నా సాక్ష్యం చెల్లదు.

ఇంట్లో ఇంకో వాసన ఉండేది ఆ రోజుల్లో. వెల్లుల్లి వేసి కాచిన నూనె. రాత్రి పడుకునే ముందు అమ్మ ఆ నూనె గోరువెచ్చగా చేసుకుని ఎడమ చెవిలో పోసుకుని, దూది పెట్టుకునేది. తలస్నానం చేస్తే నీళ్లు పోయాయి అనేది. ఆమె దిండు గలేబు ఉతికేటప్పుడు పసుపు మరక, ఆ వెల్లుల్లి కింద ఇంకేదో చెడ్డ వాసన. నేను ఆ సంగతి నాయినకు చెప్పాను. అమ్మ చెవిలో చీము కారుతోందని స్పష్టంగానే చెప్పాను. నూనె పోస్తే తగ్గుతది, మా అమ్మ గూడ గట్లనే పోసేది అన్నాడు. అమ్మ నా వైపు కళ్లెర్ర చేసి చూసింది. ఫోను మోగితే రిసీవర్ ఇదివరకు ఎడమ చేత్తో ఎత్తే మనిషి కుడి చేత్తో ఎత్తడం మొదలుపెట్టింది. సందు చివర పాలాయన సంగతి చెప్పడం మానేసింది. ఇవన్నీ మా అందరి కళ్ల ముందే జరిగాయి. చెవి సంగతి ఇంట్లో, స్పీకరు సంగతి కారులో. ఆ రెండింటినీ ఎవరూ కలపలేదు. ఇప్పుడు తలుచుకుంటే పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

కోదాడలో మంచి దుకాణం ఉందని ఎవరో చెబితే నాయిన అడ్తికి సెలవు పెట్టి మరీ బయలుదేరాడు. మార్కెట్ నడిచే రోజున అడ్తి మూయడం నేను చూసింది అప్పుడే. మళ్లీ మంచి చీర, మళ్లీ పూలు, మళ్లీ మునగాలలో చాయ్. మఠంపల్లి వైపు నుంచి సిమెంటు లారీలు రోడ్డంతా బూడిద చేసుకుంటూ పోతుంటే అమ్మ కిటికీ అద్దం దించి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూస్తూ కూర్చుంది. కోదాడ దుకాణదారు కృష్ణా నది అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. నెమ్మదస్తుడు. అమ్మ చెప్పింది అంతా విని, పలక కింద దూరి, వైర్లు చూసి, నవ్వుతూ బయటికి వచ్చాడు. ఒక స్పీకరుకు ప్లస్సు, మైనస్సు తిరగేసి కలిపారట. అట్లా కలిపితే ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి గుంజుతుందట, తబలా అంతా మధ్యలోనే చచ్చిపోతుందట. సరిచేసి మోగించాడు. కారు నిండింది. అన్న ముఖం వెలిగింది. నాకు కూడా, ఇగ అయిపోయింది, వచ్చే ఆదివారం ఇంట్లో ఉండొచ్చు అని ఆశ కలిగింది.

అందరం అమ్మ వైపు చూశాం. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు వింది. కుడి పక్క బాగా పెరిగింది, ఈ పక్క మాత్రం ఇంకా రావడం లేదని చిన్నగా చెప్పింది.

దుకాణదారు ఓపిక అక్కడితో అయిపోయింది. "అమ్మగారూ, ఇంతకంటే రావాలంటే స్పీకరు తీసి మీ ఒళ్లో పెట్టాలండీ," అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. నాయిన నవ్వలేదు. తన భార్య చెవులను అనుమానించినందుకు ఆయనకు మండిపోయింది. కోదాడోళ్లకు పని రాదు అని అంటూ కారెక్కి తలుపు దడాలున వేశాడు. ఎప్పుడూ తలుపు మెల్లగా వేయమని మమ్మల్ని తిట్టే మనిషి. తిరుగు ప్రయాణంలో టేపు పెట్టనివ్వలేదు. అన్న, నీ వల్లనే ఇదంతా అన్నట్టు వెనక్కి తిరిగి అమ్మను చూశాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. మునగాల దాబా రాగానే నాయిన కారు ఆపి, ఆమెకు చాయ్ తెచ్చి కిటికీలోంచి అందించాడు. ఆయన కోపం మా మీద, దుకాణాల మీద, వైర్ల మీద. ఆమె మీద ఎన్నడూ లేదు. ఆమె మీద కొంచెం కోపం వచ్చి ఉంటే, ఒకసారి గట్టిగా నీ చెవికేమైంది అని కసిరి ఉంటే ఎంత బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తరువాత మిర్యాలగూడ. మామ ఇల్లు మిల్లు ఆవరణలోనే. వడ్లు ఉడకబెట్టే ఆవిరి, ఉప్పుడు బియ్యం వాసన, పొద్దస్తమానం మిల్లు రొద. ఆ రొదలో అందరూ అరిచి మాట్లాడుకుంటారు కాబట్టి అక్కడ అమ్మ మామూలుగానే ఉండేది. మామ సంగతంతా విని, ఇన్ని తిప్పలెందుకు బావా, తలుపులకు పెడితే అక్క చెవి పక్కనే ఉంటది గదా అన్నాడు. మొదటి రోజు నుంచి అన్న చెబుతున్నది అదే. అన్న చెబితే వినని నాయిన బావమరిది చెబితే విన్నాడు. మిర్యాలగూడలోనే మెకానిక్‌ను పిలిపించారు. వెనక తలుపులు రెండింటి అట్టలూ ఊడదీసి రేకుకు రంధ్రాలు చేస్తుంటే నాయిన చూడలేక బియ్యం బస్తాల వైపు తిరిగి నిలబడ్డాడు. రేకు కోస్తున్న చప్పుడుకు నేను చెవులు మూసుకున్నాను. అమ్మ తలుపు పక్కనే నిలబడి, ఆ చప్పుడుకు ముఖం కూడా చిట్లించకుండా, మెకానిక్ చేతులనే చూస్తూ ఉంది.

పరీక్షించడానికి వేములపల్లి వైపు వెళ్లాం. మామ ముందు సీట్లో, అన్న వెనక మా మధ్యలో ఇరుక్కుని. నాట్ల కాలం. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు నిండిన మళ్లు, వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్లు. అమ్మ ఎడమ మోకాలి దగ్గర, కొత్త జాలీ లోంచి, పాట మోగుతోంది. నాయిన అడగడానికి భయపడ్డాడనుకుంటాను. మామే అడిగాడు. కొంచెం ఆపండి, దిగుతా అంది అమ్మ.

నాయిన కారు పక్కకు ఆపాడు. పాట నడుస్తూనే ఉంది. అమ్మ దిగి, కారు వెనక నుంచి చుట్టి వచ్చి, అవతలి పొలంలో నాట్ల వాళ్లను చూడటానికి రోడ్డు దాటుతోంది. అప్పుడు ఎదురుగా నారు కట్టలు నింపుకున్న ట్రాక్టరు వస్తోంది. దూరం నుంచే హారన్ కొడుతున్నాడు. పాట మోగుతున్న కారులో ఉన్న మాకే ఆ హారన్ స్పష్టంగా వినిపిస్తోంది. అది అమ్మకు ఎడమ పక్క నుంచి వస్తోంది. ఆమె తల తిప్పలేదు, అడుగు తగ్గించలేదు, పొలం వైపు చూస్తూ నింపాదిగా నడుస్తోంది. నాయిన తలుపు తీసుకుని ఒక్క ఉదుటున దిగి అరిచాడు. ఆ అరుపు ఆమెకు వినిపించింది. ఆగి, వెనక్కి తిరిగి, ఏమైందన్నట్టు ఆయన వైపు చూసింది, నడి రోడ్డు మీద నిలబడి. ట్రాక్టరు ఆమెను తప్పించి రోడ్డు దిగిపోయింది. ట్రాలీ ఒక పక్కకు ఒరిగి నారు కట్టలన్నీ బురదలో పడ్డాయి. డ్రైవరు దిగి తిట్టాడు. చెవులు లేవా నీకు అన్నాడు. ఆ మాట అంటే కొట్టడానికి పోవాల్సిన నాయిన అక్కడే నిలబడిపోయాడు.

కాసేపటికి ఆమె దగ్గరికి వెళ్లి, "హారన్ ఇనబడలేదా?" అన్నాడు.

"ఏ దిక్కు కెళ్లి కొట్టిండు?" అంది అమ్మ.

నాయిన ఆమెను రోడ్డు పక్కకు తెచ్చాడు. ఆమె ఎడమ వైపు నిలబడి, ఆమె కుడి చెవిని తన అరచేత్తో మూసి, మెల్లగా పిలిచాడు. "సుశీలా."

మా ముందు ఆయన అమ్మను పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. ఏమే అనో, ఇగో అనో, లేకపోతే నా పేరు పిలిచి ఆమెను రమ్మనడమో. ఇప్పుడు కారు పక్కన నిలబడ్డ అన్న విన్నాడు, మామ విన్నాడు, నేను విన్నాను. అమ్మ పొలం వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆయన ఇంకోసారి పిలిచాడు. ఆమె కదల్లేదు. ఆయన చెయ్యి తీసేశాక, చెయ్యెందుకు పెట్టిన్రని అడిగింది.

ఆ సాయంత్రమే మిర్యాలగూడ దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాదుకు. చెవిలో చీము చాలా కాలం నుంచి పట్టి కర్ణభేరిని తినేసిందని, వెనక ఎముక దాకా పోయిందని డాక్టరు చెప్పాడు. ఇంకొంచెం ఆలస్యమయితే మెదడుకు పోయేదన్నాడు. ఆపరేషన్ చేసి ప్రాణాపాయం తప్పించారు. వినికిడి రాలేదు. మొదట్లోనే తీసుకొస్తే ఎంతో కొంత మిగిలేదని అన్నాడు. ఇన్నాళ్లు ఏం చేశారని అడిగాడు. కారులో స్పీకర్లు మార్చామని నాయిన ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు.

తలకు కట్టుతో అమ్మను ఇంటికి తెచ్చే రోజు నాయిన ముందు తలుపు తీసి, గీడ కూసో అన్నాడు. అన్న వెనక్కి వచ్చాడు. ముందు సీట్లో కూర్చుంటే ఆమె కుడి చెవి నాయిన వైపు ఉంటుంది. దారి పొడుగునా ఆయన మామూలు గొంతుతో ఏదో చెబుతూనే ఉన్నాడు, ఆమె జవాబిస్తూనే ఉంది. స్పీకర్లు నాలుగూ ఉన్నచోటే ఉన్నాయి. పాట పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఒక మనిషిని వెనక సీటు నుంచి ముందు సీటుకు మార్చడం ఎంతసేపు పని? ఆ చిన్న పనికి మాకు ఒక చెవి ఖర్చయింది. తరువాత పెళ్లిళ్లలో హారతి ఎత్తుకోమంటే అమ్మ వద్దనేది. ఒక చెవితో వింటే తన గొంతు ఎక్కడుందో తనకు తెలియదట. ఆమె లేకుండా ఆ ఆడవాళ్ల పాట ఎట్లా చెదిరిపోయేదో నేను విన్నాను. కుండలు కొనడానికి ఎవరూ ఆమెను పిలిచేవాళ్లు కాదు. కొన్నాళ్లకు ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి, ఆ అవసరమే పోయింది.

ఇప్పటి కాలంలో అయితే ఇది జరగదని నాతో మా ఆయన అంటారు. ఇప్పుడు స్పీకరు పెట్టేముందు ఫోనుతో కొలుస్తారు, చెవి నొప్పి వస్తే మరునాడే స్కాను తీస్తారు. నిజమే కావచ్చు. కానీ మొన్న ఆ దుకాణంలో పొద్దున్నుంచి ఆయన తన చెవికి తగ్గ స్పీకరు వెతుక్కుంటూనే ఉన్నారు. మీరెక్కడ కూర్చుంటారని నన్ను అడిగింది ముక్కూమొహం తెలియని ఆ ఫిట్టరు అబ్బాయే. అప్పటికీ ఇప్పటికీ తేడా కొలవమంటే నేను ఎక్కడ పట్టుకుని కొలవాలో నాకు తెలియడం లేదు.

నాయిన పోయిన కొన్నేళ్లకు, అమ్మ నా దగ్గర ఉండటానికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం ఆమెకు కుడి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఎన్నో ఏళ్లుగా అడగాలనుకుంటున్నది ఆ రోజు అడిగేశాను. నీ చెవి పోతోందని నీకు తెలియదా, ఒక్కసారీ అనుమానం రాలేదా అని. తెలుసు అంది అమ్మ. ఎప్పటి నుంచి అంటే, మొదటి రోజు నుంచే, మునగాల కాడనే అంది. ఫోను ఈ చెవికి పెడితే ఇనరాదు, ఆ చెవికి పెడితే ఇనొస్తది, గది తెల్వక పోతదా అంది. నా చేతిలో కాయలు జారిపోయాయి. మరి అన్ని నెలలు స్పీకరు, స్పీకరు అని మమ్మల్నందరినీ ఎందుకు తిప్పావని గట్టిగానే అడిగాను. నా గొంతులో కోపం ఆమెకు బాగానే వినిపించింది.

"చెవి అంటే దవాఖానకు తోల్కపోతరు. స్పీకరంటే బజారుకు తోల్కపోతరు," అంది అమ్మ.

ఏమీ జరగనట్టు, నేను జార్చిన కాయలు ఏరి చాటలో వేసింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ వంటిల్లు, ఆ సందు, శుభకార్యమైతే పెళ్లి పందిరి, అంతకు మించి ఆమెను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదని చెప్పింది. కోపంగా చెప్పలేదు, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. కోదాడ అంగట్లో రంగు గాజులు ఎట్లుండేవో, మునగాలలో చాయ్ ఎంత చిక్కగా ఉండేదో, వేములపల్లి మళ్లలో నాట్ల వాళ్లు వరసగా ఎట్లా వెనక్కి నడిచేవాళ్లో ఆమెకు ఇంకా గుర్తుంది. చెవి తగ్గిపోతదనుకున్న, గింత దూరం పోతదని ఎవరికి ఎరుక అంది. అది నిజంగా అనుకుందో, పాము చెవుల ఇల్లాలిగా పేరు పోగొట్టుకోవడం ఇష్టంలేక దాచుకుందో నేను ఇక అడగలేకపోయాను.

చాట పక్కకు జరిపి ఆమే అడిగింది, "ఆపరేషన్ అయినంక మళ్ల ఎప్పుడన్న అట్ల తిరిగినమా?"

నేను గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను. దవాఖానకు వెళ్లాం. పెళ్లిళ్లకు వెళ్లాం. చావులకు వెళ్లాం. లేదమ్మా అని చెప్పాను. తల తిప్పుకుని చెప్పానేమో, ఆమెకు వినబడలేదు. ఇంకోసారి, గట్టిగా చెప్పాల్సి వచ్చింది.